ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంటికే

మన పిల్లలు కొందరు ఇప్పుడు మెడికల్ ల్యాబ్‌లలో చేరుతున్నారు. నేపర్‌విల్‌లో ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఒకరిద్దరు నా పక్కకి వచ్చి కూర్చుంటారు. ఏ సర్టిఫికేషన్ ముందు రాయాలి, ఏ షిఫ్ట్ తీసుకోవాలి, వీసా ఎవరు స్పాన్సర్ చేస్తారు అని అడుగుతారు. వాటికి నాకన్నా బాగా జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని నిజంగా ఏమిటని మాత్రం ఎవరూ అడగరు. ఇరవై తొమ్మిదేళ్ళు చేశాను కాబట్టి అడగకపోయినా చెబుతున్నాను.

నేను డాక్టర్ని కాను. చికాగో పశ్చిమ శివార్లలో ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని రక్తపు స్లైడ్లు చదివాను. అందులోనూ నాకు బాగా పట్టుబడినవి ఉష్ణదేశాల జబ్బులు: మలేరియా, బోదకాలు, అలాంటివి. మంచు కురిసే ఇల్లినాయ్‌లో వాటితో ఏం పని అనుకుంటారేమో. ఎయిర్‌పోర్ట్ ఉన్న ప్రతి ఊరికీ వాటితో పని ఉంటుంది.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను. తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను, ముఖ్యంగా నావి.

రెండు చుక్కలు

మలేరియా చూడటానికి కావలసింది వేలి నుంచి రెండు చుక్కల రక్తం. ఒక చుక్కని గాజుపలక మీద పల్చగా లాగుతాం, కణాలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకునేలా. రెండో చుక్కని మందంగా బొట్టులాగే ఉంచేస్తాం. మందపు బొట్టులో తక్కువ చోట ఎక్కువ రక్తం ఉంటుంది కాబట్టి క్రిమి ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. అది ఏ రకమో పల్చటి పొరలో తెలుస్తుంది. రెండింటికీ రంగు వేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, లెన్స్ కింద కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చూడాలి. పని అంతే. నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. నమ్మదగ్గ మనిషిని కావడానికి నాకు పదేళ్ళు పట్టింది.

నాకు ఈ పని నేర్పింది మా సూపర్‌వైజర్ హలీనా. పోలండ్ నుంచి వచ్చిన మనిషి. నా పేరు సుగుణ, ఆమె "సూగూనా" అనేది. మొదటి నెలలో నేను ఆమెని మేడమ్ అంటుంటే, మేడమ్ అంటే తనకి అత్తగారు గుర్తొస్తుందని చెప్పి మాన్పించింది. మూడు వందల చోట్లు చూడనిదే "క్రిమి లేదు" అని రాయనిచ్చేది కాదు. నేను చూస్తుంటే వెనకాల నిలబడి చేతిలో లెక్కమీట నొక్కుతూ ఉండేది. నూట ఎనభై దగ్గర ఆపేస్తే, మిగిలిన నూట ఇరవైలో ఏముందో నీకు ఎవరు చెప్పారని అడిగేది. చాలామందికి ఆమె అంటే గిట్టేది కాదు. నా మట్టుకు నేను పనిచేసిన బాసుల్లో ఆమెని మించినవాళ్ళు లేరు. తప్పు చేస్తే మొహం మీద చెప్పేది, మరుసటి రోజుకి మరిచిపోయేది. అలాంటి బాస్ దొరికితే, మాట కటువుగా ఉన్నా వదులుకోకండి.

లైబ్రరీలో చదివిన చదువు

నాకున్నది కమ్యూనిటీ కాలేజీలో చదివిన రెండేళ్ళ డిగ్రీ. రాజమండ్రిలో చేసిన బీఎస్సీని ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిందంతా మా ఊరి లైబ్రరీలో నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నిజానికి గర్వమే.

ఆదివారం పొద్దున్న మా ఆయన కూరగాయలకి వెళ్తూ నన్ను లైబ్రరీ దగ్గర దింపేవారు. పై అంతస్తులో కిటికీ పక్క బల్ల నాది. అక్కడ లేని పుస్తకాలు వేరే ఊళ్ళ లైబ్రరీల నుంచి తెప్పించుకునేదాన్ని. కౌంటర్‌లో ఉండే ఆవిడ నా కోసం వచ్చిన కట్ట విప్పుతూ, ఈ వారం పురుగులా, దోమలా అని అడిగేది. అర్థం కాని మాటని డిక్షనరీలో చూసి, పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన తెలుగులో నాకు తోచిన అర్థం రాసుకునేదాన్ని. అలాంటి నోట్‌బుక్‌లు పదకొండు అయ్యాయి.

అలా వచ్చినవాటిలో ఒక పాత పుస్తకం నా పనినే మార్చేసింది. తెల్లదొరల కాలంలో గోదావరి ఏజెన్సీ కొండల్లో పనిచేసిన ఒక సర్కారు డాక్టరు రాసుకున్న జ్ఞాపకాలు. మొదటి పేజీలు చిరిగిపోయాయి, ఎవరో మళ్ళీ కొత్త అట్ట వేయించారు, అందువల్ల ఆయన పేరేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. నేను ఆయన్ని దొర అనే పిలుచుకున్నాను. మా ఊరికి అంత దగ్గరి కొండల గురించి నేపర్‌విల్‌లో కూర్చుని ఒక ఇంగ్లీషువాడి దగ్గర తెలుసుకోవడం వింతగానే అనిపించింది. అయినా వదలకుండా రెండుసార్లు చదివాను.

దొర పని రోడ్డు వేసే కూలీలని జ్వరంతో పడిపోకుండా చూడటం. ఆయన జాలి కూడా అక్కడివరకే. కూలీ లేచి పార పట్టుకుంటే కేసు ముగిసినట్టే రాస్తాడు, ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో రాయడు. తన గుర్రం పేరు రాశాడు, రెండు కుక్కల పేర్లూ రాశాడు. గుడారంలో కూర్చుని స్లైడ్లకి రంగు వేసి చదివిన తెలుగు మనిషిని మాత్రం పుస్తకం పొడవునా "నా కాంపౌండర్" అనే అంటాడు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. కానీ చూసింది చూసినట్టు రాసే నిజాయితీ ఆయనకి ఉంది, తన తప్పులు కూడా రాశాడు.

వాటిలో ఒకటి టపా మోసే మనిషి కథ. కొండ కింద పల్లెవాడు. జ్వరంతో వస్తే కొండల్లోకి వెళ్ళావా అని దొర అడిగించాడు. ఎక్కడికీ పోలేదన్నాడు ఆ మనిషి. దొర ఆ మాట నమ్మి వేరే జ్వరం అనుకుని వేరే మందు ఇచ్చాడు. అతను చనిపోయాడు. తర్వాత కాంపౌండర్ అతని భార్యని ఇంకోలా అడిగాడు: నిన్న ఎక్కడ పడుకున్నాడు, మొన్న ఎక్కడ పడుకున్నాడు అని, ఒక్కో రాత్రీ వెనక్కి. పంట కోతకొచ్చిన నెలంతా కొండవాలు మీద బావమరిది చేలో మంచె మీద పడుకున్నాడని ఆవిడ చెప్పింది. చేను కాయడానికి పోవడం వాళ్ళ లెక్కలో ఎక్కడికో పోవడం కాదు. ఆ రోజు నుంచి దొర అందరినీ రాత్రుల లెక్కే అడిగాడు. దాన్ని తన పద్ధతిగా రాసుకున్నాడు కూడా. పద్ధతి కాంపౌండర్‌ది. ఆ సంగతి నా నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

పేరు చదివిన తప్పు

చదువు ఎక్కువైతే వచ్చే జబ్బు ఒకటుంది, అది నాకూ వచ్చింది. ఉద్యోగంలో ఎనిమిదో ఏట, ఒక వేసవిలో ప్రసాద్ అనే ఆయన స్లైడు వచ్చింది. విపరీతమైన జ్వరం, ముదురు రంగు మూత్రం. ఎర్రకణాల్లో చిన్న చిన్న ఉంగరాలు కనిపించాయి. పేరు చూశాను, ఉంగరాలు చూశాను, పావుగంటలో ఫోన్ చేసి మలేరియా అని చెప్పేశాను. అందులోనూ ప్రమాదకరమైన రకమని కూడా చెప్పాను. అంత తొందరగా ఎవరూ పట్టుకోలేరని లోపల్లోపల పొంగిపోయాను.

మరుసటి రోజు మా పాథాలజిస్ట్ డాక్టర్ కెల్లర్ ఆ స్లైడు చూశారు. ఉంగరాలు కొన్ని కణాల బయట ఉన్నాయి. ఒకచోట నాలుగు కలిసి నాలుగు రేకుల పువ్వులా ఉన్నాయి. అది మలేరియా కాదు, అడవుల్లో ఒంటికి పట్టే పిడుదు అనే పురుగు కుడితే వచ్చే బబీసియా అనే ఇంకో జబ్బు. ప్రసాద్ గారు ఆరేళ్ళుగా ఇండియా వెళ్ళలేదు. నెల కిందట ఫ్రెండ్స్‌తో విస్కాన్సిన్ అడవుల్లో చేపలు పట్టడానికి వెళ్ళొచ్చారు. ఇండియా ఎప్పుడు వెళ్ళారని అందరూ అడిగారు, విస్కాన్సిన్ గురించి ఎవరూ అడగలేదు. ఒక రాత్రంతా పనికిరాని మందు ఎక్కించారు ఆయనకి. మందు మార్చాక కోలుకున్నారు, అది మా అదృష్టం.

డాక్టర్ కెల్లర్‌కి మా ల్యాబ్‌లో ఉన్న ముగ్గురు భారతీయుల పేర్లు ఎప్పుడూ కలిసిపోయేవి. ఆ రోజు మాత్రం నా పేరు సరిగ్గా గుర్తుపెట్టుకుని, లేబుల్ చాలా బాగా చదివావు సుగుణా, ఇక స్లైడు చదవడం నేర్చుకో అన్నారు. హలీనా నా బల్ల మీద ఒక తెల్ల టేపు చుట్ట పెట్టింది. అప్పటి నుంచి నంబరు సరిచూసుకుని, పేరు మీద టేపు అంటించి, చదవడం పూర్తయ్యాకే తీసేదాన్ని. తోటివాళ్ళు నవ్వారు. ఏళ్ళ తరబడి అలాగే చేశాను. ఇప్పటికీ మీకు అదే చెబుతాను. కణానికి కులం, దేశం, ఇంటిపేరు ఉండవు.

కానీ ఆ టేపు నన్ను అన్ని తప్పుల నుంచీ కాపాడలేదు.

తొమ్మిదిన్నర స్లైడు

కొన్నేళ్ళ కిందట, ఆగస్టు నెల, పగటి షిఫ్ట్. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయని కణాలు లెక్కపెట్టే మెషీన్ విడిగా చూడమన్న ఒక రక్తం నా దగ్గరికి వచ్చింది. ఉదయం తొమ్మిదిన్నరకి స్లైడు చూశాను. ప్లేట్‌లెట్లు నిజంగానే తక్కువ. రెండు తెల్లకణాల్లో గోధుమ రంగు, నలుపు కలిసిన పొడిలాంటి మచ్చలు కనిపించాయి. రంగు సరిగ్గా వడకట్టకపోతే అలాంటి మురికి పడుతుంటుంది. మలేరియా పరీక్ష ఎవరూ అడగలేదు, నన్ను అడిగింది ప్లేట్‌లెట్లు మాత్రమే. అడిగినదానికి జవాబు రాసి పంపేశాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మన వృత్తిలో తప్పులు చాలావరకు ఇలాగే జరుగుతాయి.

పన్నెండున్నరకి అదే మనిషి రెండో రక్తం వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయాయి. మళ్ళీ అవే మచ్చలు. ఈసారి ఫోకస్ మీట తిప్పి చూశాను. రంగు మురికి అయితే కణం పైన తేలుతూ ఉంటుంది, మీట తిప్పితే అదొక్కటే స్పష్టమవుతుంది. ఇవి కణంతో పాటే స్పష్టమయ్యాయి. అంటే లోపల ఉన్నాయి. మలేరియా క్రిమి ఎర్రకణాన్ని తిన్నాక మిగిల్చే నల్లపొడిని తెల్లకణాలు ఊడ్చుకుని మింగుతాయి. ఈ సంగతి కాలేజీలో ఒక్క వాక్యంలో చెప్పారు. దొర కాంపౌండర్ గుడారంలో ఆ పొడిని ఎలా వెతికాడో మాత్రం నాలుగు పేజీలు చదివాను. క్రిమి కంటికి కనిపించకపోయినా పొడి కనిపించవచ్చు.

తొమ్మిదిన్నర స్లైడు మళ్ళీ తీసి చూశాను. అందులోనూ అదే పొడి. మురికి కాదు. మూడు గంటలు పోయాయి.

టేపు తీశాను. మాధవి, మన పేరు. కంప్యూటర్‌లో ఆమె చార్ట్ తెరిచాను. ముప్పై వారాల గర్భిణి. నాలుగు రోజులుగా జ్వరం, లివర్ పరీక్షలు బాగాలేవు. గర్భిణులకి చివరి నెలల్లో వచ్చే ఒక ప్రమాదకరమైన స్థితి ఉంది, అందులోనూ ప్లేట్‌లెట్లు ఇలాగే పడిపోతాయి. డాక్టర్లు అదే అనుకున్నారు, జ్వరానికి గర్భంలో ఇన్‌ఫెక్షన్ కారణమనుకున్నారు. రెండింటికీ వైద్యం ఒకటే, బిడ్డని బయటికి తీయడం. నాలుగు గంటలకి ఆపరేషన్. ఇంకా పది వారాలు లోపల ఉండాల్సిన బిడ్డ. ప్రయాణాలు అన్న గడిలో నర్స్ రాసింది: లేవు, ఇంట్లోనే ఉన్నారు.

అది నిజమైతే నా అనుమానం తప్పు. నా అనుమానం నిజమైతే బిడ్డని తొందరపడి తీస్తారు, తల్లి రక్తంలో క్రిమి అలాగే ఉండిపోతుంది. మలేరియాతో ఉన్న మనిషిని, ప్లేట్‌లెట్లు లేని రక్తంతో, కోతకి పంపడమన్నమాట.

హలీనా దగ్గరికి వెళ్ళి రెండు స్లైడ్లూ చూపించి, తొమ్మిదిన్నరకి వదిలేశానని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అంది: "అప్పుడు పేరు చూసి మలేరియా అన్నావు. ఇప్పుడు పేరు చూడకుండా అంటున్నావు. అందుకే వింటున్నాను."

డాక్టర్ కెల్లర్‌కి ఆమే ఫోన్ చేసింది. ఆయన ప్రసూతి డాక్టర్‌తో మాట్లాడారు. ఎక్కడికీ వెళ్ళని మనిషికి మలేరియా ఏమిటని ఆవిడ విసుక్కుందట. వేలు గుచ్చడానికి రెండు నిమిషాలు చాలని ఈయన ఒప్పించారు. వేలి రక్తం తీయడానికి పైకి వెళ్ళాల్సింది నేను. రక్తం తీసుకో, జబ్బు పేరు ఎత్తకు అని హలీనా హెచ్చరించి పంపింది.

మూడో అంతస్తు

మాధవికి ముప్పై దాటి ఉండవు. మూడు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. భర్త కిరణ్ ఆఫీస్ బ్యాడ్జ్ మెళ్ళో వేసుకునే మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆంటీ, మీరు తెలుగా?" అంది నా బ్యాడ్జ్ చూసి.

"అవునమ్మా, రాజమండ్రి."

"హమ్మయ్య. వీళ్ళకి చలి అని చెప్తే ఇంకో దుప్పటి ఇస్తున్నారు. ఎముకల్లోంచి వస్తోందని ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలాంటీ?"

"ఫోర్‌కి ఓటీ బుక్ చేశారు," అన్నాడు కిరణ్. "బేబీ లంగ్స్ కోసం ఇంజెక్షన్ కూడా ఇచ్చేశారు. మీరు తీసుకునే బ్లడ్ దానికేనా?"

ఇంకో పరీక్ష కోసమని చెప్పి ఆమె వేలు తుడిచాను. ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళావా అని అడిగాను.

"ఎక్కడికీ వెళ్ళలేదాంటీ. ట్రావెల్ చేశారా అని నర్స్ కూడా అడిగింది. నో, జస్ట్ హోమ్ అన్నాను."

వేలు గుచ్చాను, రెండు చుక్కలూ తీసుకున్నాను. అక్కడితో నా పని అయిపోయింది. స్లైడ్లు పెట్టెలో పెడుతుంటే, ఎక్కడికీ పోలేదన్న ఆ మాట నన్ను కదలనివ్వలేదు. రాత్రుల లెక్క అడగడం మొదలుపెట్టాను.

నిన్న రాత్రి హాస్పిటల్‌లో. మొన్న ఇంట్లో. పోయిన వారం ఇంట్లో. ఆ ముందు వారం?

"ఇంట్లోనే ఆంటీ."

"ఆ ముందు వారం నువ్వు ఫ్లైట్‌లో ఉన్నావు," అన్నాడు కిరణ్. "నేనే కదా ఎయిర్‌పోర్ట్ నుంచి డ్రైవ్ చేసి తెచ్చాను."

"అదే, ఇంటి నుంచి వస్తున్నాను కదా."

"ఏ ఇంటి నుంచమ్మా?" అన్నాను.

ఇంత చిన్న సంగతి అర్థం కాదా అన్నట్టు చూసింది. "అమ్మావాళ్ళింటి నుంచి. గాజులు తొడిగించుకోడానికి వెళ్ళాను."

"అమ్మావాళ్ళిల్లు ఎక్కడ?"

"అన్నయ్యకి పాడేరు ట్రాన్స్‌ఫర్ అయింది. అమ్మ కూడా అక్కడే ఉంది. మూడు వారాలున్నాను."

కిరణ్ తల పట్టుకున్నాడు. "మధూ, ట్రావెల్ చేశావా అంటే నో అన్నావా?"

"పుట్టింటికెళ్ళడం ట్రావెల్ ఏంటి కిరణ్? ట్రావెల్ అంటే నయాగరా."

పాడేరు విశాఖ వైపు కొండల్లో ఉంది. వానలు పడ్డాక ఆ కొండల చలిజ్వరం ఎలాంటిదో మన వైపు పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మాధవి అక్కడి నుంచి వచ్చి పన్నెండు రోజులు. నేను జబ్బు పేరు ఎత్తలేదు. నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి, రోగి మూడు వారాలు ఇండియాలో ఉండి వచ్చింది, ఊరి పేరు ఇది, చార్ట్‌లో రాయండి అన్నాను. ఆ నర్స్ తెల్లబోయింది. హోమ్ అనే చెప్పింది కదా అంది. పాపం ఆమె తప్పూ లేదు, ఈమె అబద్ధమూ ఆడలేదు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒక్కొక్కరికి ఒక్కో ఇల్లు.

ఒక ఉంగరం

కిందికి వచ్చేసరికి రెండు కావస్తోంది. ముందు అట్టముక్క మీద చేసే తొందర పరీక్ష వేశాను. గీత వస్తే క్రిమి ఉన్నట్టు. పావుగంటకి సన్నటి గీత వచ్చింది. ఉందీ లేనట్టుంది. మందపు బొట్టు ఆరడానికి ఫ్యాన్ ముందు పెట్టి, తడి ఉండగా రంగు వేస్తే బొట్టు కొట్టుకుపోతుందని తెలుసు కాబట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన అరగంట అదే. గర్భిణుల్లో క్రిమి బిడ్డకి ఆహారం అందించే మాయలో దాక్కుంటుంది, వేలి రక్తంలో అరుదుగా దొరుకుతుంది. దొరక్కపోతే ఆ సన్నటి గీతని ఎంతవరకు నమ్ముతారో తెలియదు.

రంగు వేసి లెన్స్ కింద పెట్టాను. యాభై చోట్లు, ఏమీ లేదు. వంద, ఏమీ లేదు. నూట నలభై మూడో చోట ఒక ఉంగరం, చివర చిన్న ఎర్రచుక్కతో. తర్వాత ఇంకొకటి. లేచి హలీనాకి కుర్చీ ఇచ్చాను. ఆమె చూసి ఫోన్ తీసింది. డాక్టర్ కెల్లర్ మెట్ల మీదుగా దిగి వచ్చారు. పల్చటి పొరలో కూడా వెతికి ఒకటి పట్టుకుని, ఈసారి పిడుదు కాదు అన్నారు.

మూడుంపావుకి ఆపరేషన్ ఆపారు. మూడున్నరకి నరంలోకి మలేరియా మందు ఎక్కింది.

ఆ సాయంత్రం నా మీద నేనే రిపోర్ట్ రాశాను: తొమ్మిదిన్నరకి కనిపించింది, వదిలేశాను, చార్ట్ తెరవలేదు, ఎవరికీ చెప్పలేదు. హలీనా చదివి, ఒక స్పెల్లింగ్ దిద్ది, సంతకం పెట్టింది. పేరు మూసి స్లైడు చదవడం మంచిదే. చదివాక పేరు తీసి, మనిషి ఎవరో, ఏమవుతోందో చూడాలి. నేను టేపుని మొదటి సగానికే వాడుకున్నాను, రెండో సగం మరిచిపోయాను. స్లైడులో మీకు అర్థం కానిది కనిపిస్తే, దాని గురించి ఎవరూ అడగకపోయినా, నాకు ఇది అర్థం కాలేదు అని రాయండి. అలా రాసినందుకు నేను చూసినంతలో ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఆ తర్వాత హలీనా, నేను కలిసి ఎమర్జెన్సీలో అడిగే ప్రశ్న మార్పించడానికి కొన్ని నెలలు మీటింగుల్లో కూర్చున్నాం. గత మూడు నెలల్లో ఏయే దేశాల్లో పడుకున్నారు, సొంత కుటుంబం ఇల్లు అయినా చెప్పండి, ఇదీ మేం అడిగిన మార్పు. పడుకున్నారు అన్న మాటకి మీటింగ్‌లో కొందరు ముసిముసిగా నవ్వారు. చివరికి ఆ మాటే ఉంచారు. దాన్ని నా పద్ధతి అని ఒకాయన మెచ్చుకుంటే, నాది కాదు, ఒక కాంపౌండర్‌ది అన్నాను. ఏ హాస్పిటల్ అని అడిగాడు. గుడారం అని చెప్పాను.

మాధవి కూతురు నెలలు నిండాకే పుట్టింది. ఇప్పుడు స్కూల్‌కి వెళ్తోంది. కానీ నేను మీకు చెప్పి ముగించదలచుకున్నది ఆ పుట్టుక గురించి కాదు.

నాలుగో రోజు

మందు మొదలుపెట్టాక క్రిమి తగ్గుతోందో లేదో రోజూ వేలి రక్తం తీసి చూడాలి. నాలుగో రోజు పైకి వెళ్ళేసరికి మాధవి దుప్పటి లేకుండా కూర్చుని ఇడ్లీ తింటోంది. కిరణ్ తెచ్చాడట. ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి.

మొదటి రోజు ఉదయం జరిగిన ఆలస్యం గురించి రోగికి చెప్పాలని డాక్టర్ కెల్లర్ అన్నారు, తను చెబుతానన్నారు కూడా. నేనే చెబుతానన్నాను. ఆ మాట అనడం తేలిక. గదిలోకి వెళ్ళాక మాధవి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు చూడకపోతే ఈపాటికి పాప ఇంక్యుబేటర్‌లో ఉండేదట ఆంటీ. డాక్టర్ చెప్పారు."

చెయ్యి అలాగే ఉంచి చెప్పాను. "ఆ రోజు పొద్దున్న తొమ్మిదిన్నరకే నీ స్లైడు నా దగ్గరికి వచ్చిందమ్మా. అప్పుడే కనిపించింది. రంగు మురికి అనుకుని వదిలేశాను. మధ్యాహ్నం రెండోసారి వస్తేగానీ గుర్తుపట్టలేదు. ఆ మూడు గంటల ఆలస్యం నా వల్ల."

కిరణ్ లేచి నిలబడ్డాడు. "త్రీ అవర్సా? షీ వాజ్ బర్నింగ్ అప్, ఆంటీ. ఆ త్రీ అవర్స్‌లో ఏమైనా అయ్యుంటే?"

అయ్యుండేదేమో అన్నాను. మాధవి చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్లేట్ పక్కన పెట్టింది. కిటికీ వైపు తిరిగింది. నేను స్లైడ్ల పెట్టె పట్టుకుని నిలబడే ఉన్నాను. వేరే టెక్నీషియన్‌ని పంపమంటారా అని అడిగాను.

ఆమె తల తిప్పి నన్ను చూసి, కుడిచేతి ఉంగరపు వేలు చాపింది.

"వద్దు, మీరే తీసుకోండి," అంది. "కానీ ఇవాళ్టిది రెండుసార్లు చూడండి."

కిందికి వచ్చి మందపు బొట్టు ఆరబెట్టి, రంగు వేసి, మూడు వందల చోట్లు చూశాను. కాగితం మీద ఏమీ రాయకుండా లేచి, మొహం కడుక్కుని, వచ్చి మళ్ళీ మొదటి నుంచి మూడు వందలు చూశాను. రెండుసార్లూ ఏమీ లేదు. అప్పుడు రాశాను.